ఆపి, పది లెక్కపెట్టి

మే 4, సోమవారం

చిన్నోడా,

ఎనిమిది నెలల తర్వాత రాస్తున్న అక్క ముందు క్షేమసమాచారాలు అడగాలి. అడిగాననుకో. బాగున్నానని నువ్వు రాస్తావు, నేను నమ్మాననుకో. ఇక అసలు సంగతికి వస్తాను.

నా కంప్యూటర్ నిన్న పొద్దుటి నుంచి లేవడం లేదు. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, లోపల్నుంచి మూడుసార్లు కీచుమంటుంది, తెర మాత్రం నల్లగా అలాగే ఉంటుంది. మీ బావ వచ్చి దాని డొక్కలో రెండు చరుపులు చరిచారు. ఆయన నడిపే బస్సు అలా చరిస్తే కదులుతుందట. ఇది కదల్లేదు.

నేను చేస్తున్న పని నీకు తెలుసు గానీ ఎంతవరకు వచ్చిందో తెలియదు. అంధుల బడికి పదో తరగతి పుస్తకాలు మూడు టైపు చేసి ఇవ్వాలి. సాంఘికం, సైన్సు, లెక్కలు. వాటిని వాళ్ళు బ్రెయిలీ చుక్కల్లో అచ్చు వేసుకుంటారు. పదకొండు నెలలు పట్టింది. టైపు చేయడం ఏమంత పని కాదు, నా తిప్పలన్నీ బొమ్మలతోనే. గుండె బొమ్మ ఉంటుంది, కింద 'పటము చూడుము' అని ఉంటుంది. చూపు లేని పిల్లకి చూడుము అని ఏ నోటితో చెప్పను? అందుకని ప్రతి బొమ్మనీ మాటల్లోకి మార్చి రాస్తున్నాను. ఒక్క గుండెకే మూడు రోజులు పట్టింది. బడి హాస్టల్లో నేను ప్రశ్నలపుట్ట అని పిలిచే పిల్ల ఒకతె ఉంది, సెలవుల్లోనూ అక్కడే ఉంటుంది. రాసింది చదివి వినిపిస్తే, "రక్తం ఇటు వెళ్ళిపోయాక వెనక తలుపు ఎవరు మూస్తారు?" అని అడిగింది. నాకు తెలియలేదు. తెలుసుకుని మళ్ళీ మొదటి నుంచి రాశాను.

జూన్ 5కి ఫైళ్ళు హెడ్మాస్టరమ్మ చేతిలో ఉండాలి. ఆ రోజు దాటితే అచ్చు యంత్రం వేరే బడి వంతుకి పోతుంది, మళ్ళీ మాకు దొరికేది అక్టోబరులో. పద్నాలుగు మంది పిల్లలు సగం ఏడాది పుస్తకం లేకుండా కూర్చోవాలి, మిగతా సగంలో పరీక్ష రాయాలి.

నువ్వు పనికి వెళ్ళిన ఆ సొరంగం దగ్గర ఫోను పలకదని, సామాన్ల లారీ మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుందని వెళ్ళిన కొత్తలో కార్డు ముక్క రాశావు. అందుకే ఈ ఉత్తరం. ఆ పాత కీబోర్డుల సంగతి మనసులో పెట్టుకుని జవాబు ఆపకు. వాటిని పాత సామానాయనకి ఇచ్చేసిన మాట నిజమే. విరిగిన కీబోర్డుల కోసం అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోయినవాణ్ణి మాత్రం నిన్నొక్కణ్ణే చూశాను.

అక్క

మే 8, శుక్రవారం

అక్కా,

లారీ ఇక్కడ గంటే ఆగుతుంది. డ్రైవరు భోజనం ముగించేలోగా ఇది రాసి ఇవ్వాలి. కీబోర్డుల మీద నాకేం కోపం లేదు, ఆ సంగతి వదిలెయ్.

మూడుసార్లు కీచుమందంటే భయపడనక్కర్లేదు. లోపల ర్యామ్ అనే పలక సరిగా అంటుకోవడం లేదని అది చెప్పుకోవడం. ప్లగ్గు గోడ నుంచి పీకెయ్. స్విచ్చి ఆపితే చాలదు, పీకాలి. డొక్కన ఉన్న రేకు రెండు స్క్రూలు విప్పితే వస్తుంది. బావ చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వు గానీ సుత్తి ఇవ్వకు. ఏదైనా ముట్టుకునే ముందు ఆ ఇనప పెట్టెని ఒకసారి అరచేత్తో పట్టుకో, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ పోతుంది. లోపల జానెడు కంటే తక్కువ పొడుగున పచ్చటి పలక ఒకటి నిలబడి ఉంటుంది, రెండు చివర్లా కొక్కేలుంటాయి. కొక్కేలు వంచితే పైకి లేస్తుంది. దాని అంచున బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి తుడిచి, మళ్ళీ టక్కుమనేదాకా నొక్కు. అంతే.

లేచాక ఎక్కడైనా బిగుసుకుపోతే మా గురువుగారి మంత్రం నీకు తెలిసిందే. ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యి. నూటికి తొంభై జబ్బులు దానికే పోతాయి. ఆయన రిపేరు కొట్లో పనిచేసిన పన్నెండేళ్ళలో నాకు రెండే సూత్రాలు నేర్పారు. ఒకటి ఇది. రెండోదానితో ఇక్కడ పనిలేదు.

నువ్వు కంగారు పడకు. ఎలాగూ ప్రతి శనివారం పెన్ డ్రైవులో కాపీ పెట్టుకుంటున్నావు కదా.

ఇక్కడ నా పని సొరంగంలోకి గాలి కొట్టే ఫ్యాన్ల కంప్యూటర్లు చూసుకోవడం. రాతిపొడి అన్నింట్లోకీ దూరుతుంది, చొక్కా జేబుల్లోకి కూడా. బాగానే ఉన్నాను. నమ్మాననుకో అన్నావు కాబట్టి నమ్ము.

తమ్ముడు

మే 11, సోమవారం

చిన్నోడా,

శనివారం నీ ఉత్తరం అందింది. రుద్దాను, నొక్కాను, లేచింది. మీ బావ చప్పట్లు కొట్టి, తను చరిచిన చరుపు ఫలితం ఆలస్యంగా కనిపించిందని తేల్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ సంబరం గంటసేపే. తెర మీద తేదీ పదేళ్ళు వెనక్కి పోయింది. పోతే పోయిందిలే, అప్పుడు నా మోకాళ్ళు బాగుండేవి అనుకున్నాను. తర్వాత మొత్తం బిగుసుకుపోయింది. నువ్వు చెప్పినట్టే ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. లేచి, కాసేపుండి మళ్ళీ ఆగింది. నిన్నటి నుంచి లోపల ఏదో శబ్దం. గోడ మీద బల్లి అన్నట్టు టిక్కుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ టిక్కుమంటుంది. నేను మానకుండా ఆపుతున్నాను, వేస్తున్నాను. నిన్న ఆరుసార్లు. నువ్వు పది అన్నావు కాబట్టి పదే లెక్కపెడుతున్నాను, తొమ్మిదీ కాదు పదకొండూ కాదు.

ఇంకో కథ విను. ఎందుకైనా మంచిదని పెన్ డ్రైవు బడికి పట్టుకెళ్ళి గుమస్తా కంప్యూటర్లో పెట్టించాను. మూడు పుస్తకాల బొమ్మలూ ఉన్నాయి. నొక్కితే ఏదీ తెరుచుకోదు. ఒక్కో బొమ్మ మూలన వంకర బాణం గుర్తుంది. "ఇవి షార్ట్‌కట్లమ్మా. ఇల్లు ఎక్కడుందో రాసిన చీటీలు. ఇల్లు ఇందులో లేదు" అన్నాడు గుమస్తా. అవి ఎక్కడివో తెలుసా? నేను దారి తప్పకుండా ఉండాలని వెళ్ళేముందు నా తెర మీద నువ్వు వరసగా పేర్చిపెట్టినవే. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం స్నానం చేసి, దీక్షగా, నేను చీటీలు కాపీ చేసుకున్నాను.

కాబట్టి ఉన్నవన్నీ ఆ టిక్కుమనే పెట్టెలోనే ఉన్నాయి. వెంటనే రాయి.

ఇంకోటి. గుండె పాఠం 'గుండె' అని ఒకటి, 'గుండె 2' అని ఒకటి ఉన్నాయి. దొరికితే ఏది కాపీ చేసుకోవాలి?

అక్క

మే 15, శుక్రవారం

అక్కా,

ఇది చదివే సమయానికి కంప్యూటర్ నడుస్తుంటే ముందు లేచి ఆపు. ఆపాక వచ్చి చదువు.

ఇక వేయకు. పది కాదు, వంద లెక్కపెట్టినా వేయకు. ఆ టిక్కు హార్డ్ డిస్కుది. నీ పాఠాలన్నీ ఉన్నది దాంట్లోనే. లోపల అద్దం లాంటి పళ్ళెం గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తున ఒక ముల్లు కదులుతుంటుంది. ఆ ముల్లు దారి తప్పింది. నువ్వు వేసిన ప్రతిసారీ అది పళ్ళేన్ని గీరుతూ ఉండొచ్చు. మంత్రం చెప్పింది నేనే, అది ఏ జబ్బుకి పనికిరాదో చెప్పనిదీ నేనే. నువ్వు నన్ను తిట్టినా పడతాను, స్విచ్చి మాత్రం ముట్టుకోకు.

ఎవరైనా వచ్చి ఫార్మాట్ చేస్తానంటే వీధి గుమ్మం దాటనివ్వకు.

షార్ట్‌కట్ల తప్పూ నాదే. నీకు సుఖంగా ఉంటుందనే పెట్టాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఒకే పేరుతో రెండు ఫైళ్ళుంటే తేదీ చూసి కొత్తదే తెరవాలి. పాతది చూసి ఇంతే అనుకుని మూసేసేవాడు ఈ పనికి పనికిరాడు.

ఇక్కడ మూడు రోజులుగా వాన. లారీ డ్రైవరు కొండ వైపు చూసి పెదవి విరుస్తున్నాడు. ఇది నీకు త్వరగా చేరాలి.

తమ్ముడు

మే 18, సోమవారం

చిన్నోడా,

శనివారం నీ ఉత్తరం రాలేదు. ఇవాళా రాలేదు. పోస్టాయన నన్ను గుమ్మంలో చూడగానే దూరం నుంచే చెయ్యి తిప్పేస్తున్నాడు.

నీ మంత్రమే జపిస్తున్నాను. నిన్న తొమ్మిదిసార్లు వేస్తే మూడుసార్లు లేచింది. లేస్తే పది నిమిషాలు బతుకుతుంది. ఆ పది నిమిషాల్లో దొంగలా దూరి, చేతికందిన పాఠాలు పెన్ డ్రైవులో వేసుకుంటున్నాను. ఈసారి చీటీలు కాదు, పాఠాలే. ప్రతిరోజూ గుమస్తా దగ్గర తెరిపించి చూసుకుంటున్నాను కూడా. లెక్కల పుస్తకం మొత్తం బయటపడింది. సైన్సు చివరి నుంచి లాగుతున్నాను, పదహారు నుంచి పదకొండు దాకా వచ్చాయి. గుండె పదో పాఠం. దాని దగ్గరికి రాగానే టిక్కుమని ఆగిపోతుంది. సాంఘికం ఇంకా ముట్టుకోనే లేదు.

వీధి చివర కంప్యూటర్ కొట్టాయన్ని పిలిచాను. నేను ఆయనకి ఫార్మాట్ గారని పేరు పెట్టాను. జలుబు చేసిందని వెళ్ళినా ఫార్మాట్ చేస్తాననే మనిషి. "అంతా తుడిచేసి కొత్తగా వేస్తే గుర్రంలా పరిగెడుతుందమ్మా" అన్నాడు. "మరి నా పాఠాలో?" అన్నాను. "అవి పోతాయనుకోండి. సిస్టం మాత్రం బాగుంటుంది" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఇంకో నాలుగు రోజులు నీ నుంచి మాట లేకపోతే నాకు మాత్రం వేరే దారేముంది?

ఇంటి పైకప్పు కారుతోంది. మేస్త్రీ 29న వస్తాడు, ఆలోగా అటక ఖాళీ చేయాలి. 28 గురువారం పాత సామానాయన్ని రమ్మన్నాను. 'ముట్టుకోవద్దు' అని రాసి నువ్వు వదిలిపోయిన చెప్పుల పెట్టె కూడా ఇచ్చేస్తాను, తుప్పు వాసన వస్తోంది.

ఒక్క మాట అడుగుతాను. కీబోర్డుల మీద కోపం లేదన్నావు, సరే. మరి ఏమీ చెప్పకుండా ఆదివారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఎందుకు పోయావు? ఏడాదిన్నర నా ఇంట్లో ఉన్నవాడివి. 'వెళ్ళొస్తా' అన్న మాట కూడా మీ బావకి చెప్పావు, నాకు చెప్పలేదు. ఇప్పుడు నా ఉత్తరాలకి జవాబు లేకపోతే నేనేమనుకోవాలి?

అక్క

మే 22, శుక్రవారం

అక్కా,

నేను జవాబు రాయకపోవడం కాదు. కొండ విరిగి రోడ్డు మీద పడింది. వారం రోజులు లారీ కదల్లేదు. నేను 15న రాసిన ఉత్తరం ఆ లారీ సంచిలోనే నానుతోందని ఇవాళే తెలిసింది. అదీ ఇదీ కలిసి నీకు అందుతాయి. ముందు దాన్ని చదువు.

ఇప్పటికే ఆపి ఉంటావని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. డిస్కు విప్పి, మెత్తటి గుడ్డలో చుట్టి, ఎవరూ ముట్టుకోనిచోట పెట్టు. చెడిన డిస్కుని తెరిచి లోపలివి వెలికి తీసేవాళ్ళుంటారు గానీ నెలలు పడుతుంది, జూన్ 5కి కాదు.

అటక మీది నా పెట్టె మాత్రం పాత సామానాయనకి ఇవ్వకు. ఎందుకని అడగకు. ఈ ఉత్తరంలో రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ చింపేశాను. దాన్ని అలాగే ఉంచు.

ఎందుకు వెళ్ళిపోయావన్నావు. పని దొరికింది, వచ్చాను.

తమ్ముడు

మే 25, సోమవారం

చిన్నోడా,

రెండు కవర్లూ ఇవాళ ఒకేసారి పోస్టాయన చేతిలోంచి పడ్డాయి. తొందరలో కొత్తది ముందు చదివాను. పాతది ముందు చదివినా ఒరిగేదేమీ లేదు. డిస్కు బుధవారమే పోయింది. ఇప్పుడు టిక్కు కూడా లేదు. ఆ శబ్దం మీద అంత విసుక్కున్నానా, ఇప్పుడు వినిపిస్తే బాగుండుననిపిస్తోంది. వేయకు అన్న నీ మాట అది చచ్చిన ఐదో రోజున వచ్చింది. చేతులు కాలాక ఆకులు.

నువ్వు వెయ్యమన్నావు, వేశాను. ఎన్ని లెక్కపెట్టమంటే అన్ని లెక్కపెట్టాను. నన్ను ఇంకేం చేయమంటావు? ఏడుద్దామంటే తీరిక లేదు. సాంఘికం మొత్తం, సైన్సు మొదటి పది పాఠాలు పోయాయి. మూడు వందల పేజీలు, పదకొండు రోజులు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, బడి కంప్యూటర్ ముందు కూర్చుని. రోజుకి పన్నెండు పేజీలు సాగుతున్నాయి. ఎన్నిసార్లు లెక్కేసినా ఇరవై ఐదు రోజులే వస్తున్నాయి. ఈ పూట ప్రశ్నలపుట్ట నా కుర్చీ పక్కన నిలబడి, "మా పుస్తకాలు వచ్చేశాయా అండీ?" అని అడిగింది. వస్తున్నాయన్నాను. ఆ పిల్లకి నా మొహం కనిపించదు కాబట్టి సరిపోయింది.

నా పదకొండు నెలల పని పోయి నేనిలా కూర్చుంటే నీకు నీ చెప్పుల పెట్టె బెంగ పట్టుకుంది. ఎందుకని అడగకూడదట. ఏముంటాయి దాంట్లో, ఇంకో నాలుగు పాత బోర్డులు, పిడికెడు స్క్రూలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. గురువారం పొద్దున్న పదింటికి పాత సామానాయన వస్తాడు. అటకంతా దులిపి ఇస్తున్నాను, నీ పెట్టెతో సహా. నీ మీద కసితోనే అనుకో.

ఇది పోస్టులో వేయడం లేదు. మీ లారీ బయల్దేరే చోటు మీ బావ బస్సు దారిలోనే ఉందట. డ్రైవరు చేతికే ఇస్తారు. రేపే నీకు అందాలి, నువ్వు బాధపడాలి.

అక్క

మే 26, మంగళవారం

అక్కా,

ఆ పెట్టె ఇవ్వకు. అడుగున బనీనులో చుట్టి ఒక డిస్కు ఉంది. అందులో నీ సాంఘికం మొత్తం ఉంది. సైన్సు కూడా ఐదు పాఠాలు ఉండాలి.

ఇది ముందే రాయాల్సింది. మొన్న రాయలేదు, అంతకుముందు రాయలేదు. నువ్వు మొదటి ఉత్తరం రాసిన రోజు నుంచీ నాకు తెలుసు. ఇన్నాళ్ళు పలకలు రుద్దమని, మంత్రాలు చదవమని రాస్తూ కూర్చున్నాను, ఆ పెట్టె విప్పకుండా గడిచిపోతుందేమోనన్న ఆశతో. నువ్వు మూడు వందల పేజీలు మళ్ళీ కొడుతున్నావని చదివాక ఇక దాచలేను.

సెప్టెంబరులో నీ కంప్యూటర్ బాగుచేసినప్పుడు, తుడిచేముందు ఉన్నవన్నీ నా డిస్కులోకి తీసుకున్నాను. అది ఎప్పుడూ చేసే పనే. గురువుగారి రెండో సూత్రం అప్పుడు పనికొస్తుంది. పని అయ్యాక వాళ్ళ కాపీ చెరిపెయ్, కళ్ళబడినది మర్చిపో. నేను రెండూ చేయలేదు. కాపీ సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఏదో ఒక ఫైలు తెరవాలి. 'చిన్నోడికి' అని ఉన్నది తెరిచాను. నాకు రాసిందే కదా అనుకున్నాను.

"చిన్నోడా, ఇక నావల్ల కాదు. ఏడాదిన్నరగా నా భోజనాల బల్ల మీద నీ స్క్రూలు, నా పడకగది దాకా నీ వైర్లు. కొట్టు మూతపడితే నువ్వొక్కడివే దిక్కులేనివాడివి అయినట్టు కూర్చున్నావు. నువ్వు వెళ్ళిపోతే తప్ప నాకు ఊపిరాడదు."

అక్షరం పొల్లుపోకుండా రాశాను కదా. ఎనిమిది నెలలుగా నోటికి వచ్చు. ఆ వారమే కీబోర్డులు బయటికి పోయాయి. ఇక చెప్పించుకోవడం ఎందుకని ఈ పని ఒప్పుకుని వచ్చేశాను. నీ మొహం చూసి వెళ్ళొస్తానంటే, నువ్వు మర్యాదకి ఉండమంటావేమోనని భయపడ్డాను. డిస్కు చెరపలేదు. అదుంటే నేను ఊరికే అలిగి రాలేదనడానికి రుజువు ఉంటుందనిపించింది. చేతకాని పని. దొంగచాటుగా నీది చదివి, అది దాచుకుని, నీ పాఠాలు పోతున్నా నోరు మెదపలేదు. గురువుగారు బతికుంటే కొట్లోంచి గెంటేసేవారు.

నీ ఉత్తరం చదవగానే ఇంజినీరు గారి దగ్గరికి వెళ్ళి, ప్రమాదాల కోసం ఆయన దగ్గర ఉంచిన అత్యవసరం ఫోను అడిగాను. "ఎవరి ప్రాణం మీదికైనా వచ్చిందా?" అన్నారు. "మా అక్క పాఠాలండీ" అన్నాను. వెళ్ళి పని చూసుకోమన్నారు. ఇక్కడి నర్సమ్మ సెలవు మీద ఈ లారీలోనే వస్తోంది. దారిలో వాళ్ళమ్మ దగ్గర ఆగుతుంది, గురువారం పొద్దున్నకల్లా మీ వీధిలో ఉంటానంది. పదింటికి ముందు రమ్మని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

డిస్కు దొరికితే నువ్వు వేయకు. ఫార్మాట్ గారి దగ్గర దాన్ని బయటి నుంచి తగిలించే వైరు ఉంటుంది. కాపీ తీయమను, ఇంకేమీ నొక్కనివ్వకు.

తమ్ముడు

మే 28, గురువారం

చిన్నోడా,

నర్సమ్మ బస్సు ఆలస్యమై పదిన్నరకి వచ్చింది. అప్పటికే అటక ఖాళీ, బండి వెళ్ళిపోయింది. మొదటి మూడు వరసలు చదివి మిగతాది జాకెట్లో దోపుకుని పరిగెత్తాను. పదేళ్ళ కిందటి మోకాళ్ళు కావాలన్నానా, ఇవాళ అవే వచ్చాయి. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. రెండు వీధులు దాటాక మలుపులో బండి ఆగి ఉంది. పాత సామానాయన అరుగు మీద కూర్చుని నీ పెట్టె ముందేసుకున్నాడు. బనీను ఒకవైపు పడుంది, డిస్కు ఆయన ఒళ్ళో ఉంది, చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. లోపలి అద్దం పళ్ళెం పిల్లలు ఆడుకోవడానికి అడుగుతారట. మూడు స్క్రూలు తీసేశాడు, మిగిలినవి మూడు. ఆయన ఒళ్ళోంచి లాక్కుని గుండెకి హత్తుకుని రోడ్డు మీదే కూర్చున్నాను. పాపం ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, తీసిన స్క్రూలు మూడూ లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

ఫార్మాట్ గారిని చేతులు వెనక్కి పెట్టుకోమని, ఒక్కో బటనూ నన్ను అడిగి నొక్కమన్నాను. స్క్రూలు బిగించి, వైరు తగిలించాం. తెరుచుకుంది. సాంఘికం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉంది. సైన్సు ఐదు పాఠాలున్నాయి. రెండుచోట్ల కాపీ తీయించి, గుమస్తా దగ్గర తెరిపించి, ఇక ఇవి చీటీలు కావని తేల్చుకుని ఇంటికొచ్చాను. నేను నీ మాట వినకుండా, అంటే నీ మాట అందకుండా, ఆ రోజుల్లో వేస్తూ ఉండబట్టి లెక్కలు దక్కాయి. నువ్వు నీ గురువుగారి మాట వినకపోబట్టి సాంఘికం దక్కింది. ఇద్దరం ఇద్దరమే.

ఆరు నుంచి పది పాఠాలు మాత్రం ఎక్కడా లేవు. ఐదు పాఠాలు, ఎనిమిది రోజులు. గుండె వాటితోనే పోయింది. ఫరవాలేదు, ఎవరు తలుపు మూస్తారో ఇప్పుడు నాకు తెలుసు.

ఇక ఆ ఫైలు. బడిలో గుమస్తా లేచి వెళ్ళాక దాన్నీ తెరిచాను. రాసింది నేనే. ఎవరి కోసమో రాసిందని, నువ్వు అపార్థం చేసుకున్నావని అనను. ఆ రోజు నా పళ్ళెంలో ముద్ద మధ్య స్క్రూ వచ్చింది, పన్ను విరిగినంత పనైంది. అందులో ఉన్నదంతా ఆ రోజుకి నిజం. నీకు ఇవ్వాలని కాదు, లోపల ఉంచుకోలేక రాశాను. అది నువ్వు ఎనిమిది నెలలు మోశావంటే నాకు అన్నం సహించడం లేదు.

కానీ చిన్నోడా, దాని కిందే 'చిన్నోడికి 2' అని ఇంకోటి ఉంది. నువ్వు తెరవలేదు. నాలుగు రోజుల తర్వాతి తేదీ. నువ్వు ఏదో పని మీద రెండు రోజులు ఊరెళ్ళినప్పుడు రాసింది. ఉన్నది ఉన్నట్టు అక్కడే కాగితం మీద దించుకొచ్చాను.

"చిన్నోడా, రెండు రోజులుగా బల్ల శుభ్రంగా ఉంది. శుభ్రమైన బల్ల మీద మీ బావా నేనూ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం, ఏమీ బాలేదు. వీధి వైపు గది ఖాళీ చేయిస్తున్నాను. ఆ పాత కీబోర్డులు తీసేస్తే నీ పని బల్ల అక్కడ పడుతుంది. బోర్డు పెట్టుకో, నలుగురూ వస్తారు. గురువుగారి కొట్టు మూతపడింది గానీ ఆయన నేర్పిన పని మూతపడలేదు కదా. సోమవారం నువ్వు లేచేసరికి తాళం చెవి నీ దిండు కింద పెడతాను."

సోమవారం దాకా నువ్వు ఆగలేదు. ఆదివారమే పోయావు. తాళం చెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎనిమిది నెలలుగా ఆ గదిలో కూర్చునే పుస్తకాలు టైపు చేశాను, నీకు ఎక్కువ వెలుతురు పడాలని కిటికీ పక్కన వేయించిన బల్ల మీదే. ఇన్నాళ్ళూ కీబోర్డుల కోసం పోయావనుకుని నిన్ను తిట్టుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అడగొచ్చు కదా అని ఇప్పుడు నిన్ను అంటే, నువ్వూ నన్ను అదే అంటావు.

నీ 15వ తేదీ ఉత్తరం నా ఎదురుగానే ఉంది. ఒకే పేరుతో రెండుంటే తేదీ చూసి కొత్తదే తెరవాలన్నావు. ఆ తర్వాతి వాక్యం నేను మళ్ళీ రాయను, నీ చేతిరాతే కదా.

ఇది రేపటి లారీలో నీకు అందుతుంది. లారీ గంట ఆగుతుంది. డ్రైవరు భోజనం చేసేలోగా ఇంజినీరు గారిని సెలవడిగి, బట్టలు సర్దుకుని, అదే లారీ ఎక్కు. ఆరు నుంచి పది దాకా నువ్వు పుస్తకం చదివి వినిపించు, నేను టైపు చేస్తాను. ప్రశ్నలపుట్ట పక్కన కూర్చుని తప్పులు పడుతుంది. ప్రతి సాయంత్రం కాపీ తీసే పని నీది, నన్ను నమ్మకు.

మనం ఆపి ఎనిమిది నెలలైంది. పది లెక్కపెట్టడం ఎప్పుడో అయిపోయింది. వచ్చెయ్.

అక్క